చల్లటి ద్రాక్షరసం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, అందరికీ వందనాలు. నేను ఈ ఉదయగిరి సంఘంలో ఆదివారపు బడి పిల్లలకు పాటలు నేర్పినదాన్ని, మీకు కొత్తదాన్ని కాను. ఇక్కడ నిలబడడానికి నాకు పెద్ద ఇష్టం లేదు, ఎందుకంటే ఇంతకుముందు మీరు నాచేత ఒక సాక్ష్యం చెప్పించారు, దాని కింద నలిగి చావబోయాను!

పెద్దపేగులో క్యాన్సర్ అని తెలిసి, నెల్లూరులో ఆపరేషన్ చేసి జబ్బున్న ముక్కను కోసి తీసేసి, నేను ఇంటికొచ్చి ఇంకా సరిగా కూర్చోలేకుండా ఉండగానే మా వాకిట్లో కృతజ్ఞతా కూడిక పెట్టారు. సంఘ పెద్ద అయిన మా ఆయన షామియానా వేయించి బిర్యానీ వండించారు, దేవుడు నన్ను సంపూర్ణంగా స్వస్థపరిచాడని నాచేత మైకులో చెప్పించారు, మీరందరూ చప్పట్లు కొట్టి హల్లెలూయా అన్నారు. తీసిన ముక్క పరీక్షకు పోయింది, దాని ఫలితం అప్పటికి రానేలేదు!

తర్వాత వచ్చింది. పేగు పక్కనున్న గ్రంథుల్లోకి కూడా జబ్బు పాకిందట. కీమో చేయించుకుంటే తిరిగి వచ్చే అవకాశం తగ్గుతుంది, అసలు రాదని మాటివ్వలేను, ఇబ్బందులు మాత్రం ఉంటాయి, ఆలోచించుకుని త్వరగా చెప్పమ్మా అన్నారు డాక్టరుగారు. ఇంట్లో ఆ మాట ఎత్తగానే మా ఆయన మండిపడ్డారు.

"అంతమందిలో బాగైందని చెప్పినాక మళ్లా మందేంది? దేవుడు అబద్ధికుడా? రేపు ప్రభువు బల్ల కాడ రొట్టె, ద్రాక్షరసం పంచేదానికి నేను ఏ మొహం పెట్టుకోని నిలబడేది?"

ఆయన బాధంతా ఆయన మొహం గురించే, నా పేగుల గురించి కాదు! మీలో కొందరు పెద్దమ్మలు కూడా వచ్చి, "విశ్వాసముంటే ఇంక సూదులెందుకు మే?" అని అడిగిపోయారు.

మోకాళ్లూనలేక, కుట్లు పట్టుకుని మంచం మీదే కూర్చుని ఏడ్చి ప్రార్థించాను.

"ప్రభువా, నీ పేరు నిలబెట్టేదానికి నేను చచ్చిపోవాల్నా? కత్తితో కోసినప్పుడు నువ్వే చేసినావన్నారే, సూదితో ఎక్కించేటప్పుడు నువ్వుండవా? నాకు బతకాలని ఉండాది, నాయనా!"

స్వరమేదీ వినబడలేదు, దర్శనమూ కలగలేదు. కానీ బతకాలని ఉందని నా నోటితో నేను అనడం అదే మొదటిసారి, ఆ మాట అన్నాక మనుషుల భయం నన్ను విడిచిపోయింది, పొద్దున్నే బట్టలు సర్దుకుని ఆత్మకూరులో మా తమ్ముడింటికి బస్సెక్కాను. వాడు ఏమీ అడగకుండా, "పదక్కా" అని ఆసుపత్రికి తీసుకుపోయాడు.

ఆ మందు ఎక్కించాక కొన్నాళ్లు చల్లటిది తాకితే సూదులు గుచ్చినట్టుంటుందని, తాగితే గొంతు పట్టేస్తుందని నర్సు ముందే చెప్పింది. మొదటి మందు ఎక్కించుకున్నాక వచ్చిన ఆదివారం ప్రభువు బల్ల అని ఆశగా ఉదయగిరి వచ్చాను. ద్రాక్షరసం అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీశారని తెలియక నోట్లో పోసుకున్నాను, గొంతు బిగుసుకుపోయి ఊపిరాడక కూర్చున్న చోటే ఒరిగిపోయాను. మీరన్నది నాకు వినబడింది సహోదరులారా!

"అయోగ్యంగా తీసుకునింది, అందుకే తీర్పు వచ్చింది."

ఒకామె జాలిపడి నీళ్లు తెచ్చింది, అవీ ఫ్రిజ్‌వే. గ్లాసుల పళ్లెం పట్టుకున్న మా ఆయన నా వైపు ఒకసారి చూసి, పక్క వరుసకు వెళ్లిపోయారు.

కీమో పూర్తయింది. ఇప్పటివరకు తీసిన స్కానింగుల్లో ఏమీ కనబడలేదు. సంపూర్ణ స్వస్థత అని ఈసారి చెప్పను, మళ్లీ పరీక్షకు పోవాలి. ఈ రోజు బతికి ఉన్నాను, దేవునికే మహిమ! మా ఆయన్ను క్షమించే కృప మాత్రం ఇంకా రాలేదు, దాని కోసం ప్రార్థించండి.

మొన్న మనలో ఒక సహోదరి ఎవరికీ తెలియకుండా నా దగ్గరికి వచ్చి ఏడ్చింది. ఆమెకూ అదే జబ్బు, అదే మందు, మీరేమంటారోనని అదే భయం. పేరు చెప్పను. అమ్మా, ఈ వరుసల్లోనే కూర్చుని వింటున్నావు, ప్రభువును నమ్ముకో, ఆయన పరువు మన అబద్ధాల మీద నిలబడేది కాదు, నీతో బస్సులో నేను వస్తాను.

మిగతా అందరికీ ఒక్కటే మనవి. వచ్చే ఆదివారం బల్ల ఉంది. ద్రాక్షరసాన్ని పొద్దున్నే ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టండి.