గడియ ఏ వైపున

నా చిన్నప్పుడు ఒక ఏటి దసరా సాయంత్రాలు నాకు మా ఇంటి వెనక గదిలోనే గడిచాయి. ఆ తలుపుకు గడియ బయటి వైపున ఉండేది. ముందు హాలులో మెట్లు కట్టి బొమ్మల కొలువు పెట్టేవారు. పేటలోని ఆడవాళ్లూ పిల్లలూ గుంపులుగా వచ్చి, కొలువు చూసి, పాట పాడి, గుగ్గిళ్ల పొట్లాలు తీసుకొని వెళ్లేవారు. ఆఖరి మనిషి గడప దాటిన తరువాత మా అమ్మ వచ్చి గడియ తీసేది. తీసేటప్పుడు ఆమె నా ముఖం చూసేది కాదు. నేనూ ఆమె ముఖం చూసేదాన్ని కాను. అయితే నేను ఎవరి ముఖమూ చూసేదాన్ని కాను కనుక, నా వైపు నుంచి అందులో విశేషం లేదు.

అవి పందొమ్మిది వందల యాభైల నాటి రోజులు. బెంగుళూరు పాతపేటలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువాళ్లం మేము. మా తాతకు పట్టునూలు అంగడి ఉండేది.

ఈ సంగతి ఇన్నేళ్ల తరువాత రాయడానికి ఒక కారణం ఉంది. ఇటీవల మా తమ్ముడి మనవడికి ఆస్పెర్గర్ సిండ్రోమ్ ఉన్నదని వైద్యురాలు చెప్పింది. ఇప్పుడు ఆ పేరు విడిగా వాడడం తగ్గిందనీ, ఆటిజంలోనే కలిపి చెబుతున్నారనీ కూడా వివరించింది. ఆ రోజు పొద్దు గుంకక ముందే బంధువుల ఫోన్లు మొదలయ్యాయి. తల్లి వైపు నుంచి వచ్చిందా, తండ్రి వైపు నుంచి వచ్చిందా అన్నది అందరి మొదటి ప్రశ్న. మన వంశంలో ఇంతకు ముందు ఎవరికైనా ఉన్నదా అన్నది రెండోది. దానికి జవాబు కూడా వాళ్లే చెప్పుకున్నారు, లేదని. నేను ఏ విషయాన్నయినా తేదీ వేసి రాసిపెట్టుకొనే మనిషిని. అలా రాసుకొనేవాళ్లకు ఇటువంటి మాట విన్నప్పుడు నిద్ర పట్టదు. అందువల్ల ఈ నాలుగు కాగితాలు.

నన్ను వెనక గదిలో పెట్టడానికి ముందటి ఏడు జరిగినది మొదట చెప్పాలి. అప్పట్లో పిల్లలు సాయంత్రం కాగానే ఇంటింటికీ వెళ్లి, గొంబెలు కూర్చోబెట్టినారా అమ్మా అని అడిగేవారు. కన్నడవాళ్లయినా తెలుగువాళ్లయినా ఆ పేటలో బొమ్మలను గొంబెలనే అనేవారు. మా అమ్మ నన్ను వెంటబెట్టుకొని ఒక పెద్ద ఇంటికి వెళ్లింది. ఆ ఇంటావిడ పై మెట్టు మీది రాజారాణి బొమ్మలను చూపించి, ఈ ఏడే మైసూరు నుంచి తెప్పించామని చెప్పింది. అవి పోయిన ఏటివేననీ, రాణి ముక్కు దగ్గరి పగులును రంగుతో పూడ్చారనీ నేను అన్నాను. అబద్ధం చెప్పావని నేను అనలేదు. కనిపించినది చెప్పాను. ఆ తరువాత కింద కూర్చొని, నా పొట్లంలోని గుగ్గిళ్లలో ఉన్న కొబ్బరి ముక్కలన్నీ ఏరి ఆకు అంచున వరుసగా పెట్టాను. నాకు కొబ్బరి నోట పెట్టుకుంటే వాంతి వచ్చేది.

ఆవిడ నాతో మాట్లాడలేదు. మా అమ్మతోనే అన్నది. "ఏమమ్మా, మీ పాపకు ఇంత పొగరు యాడనుంచి వచ్చింది? పెద్దోళ్ల మొగం చూసేది లేదు, పెట్టింది తినేది లేదు. ఎవురి పోలిక?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. మా అమ్మ నవ్వలేదు. దారి పొడుగునా నా చెయ్యి పట్టుకొని నడిచింది గాని, ఆ పట్టులో నాకు అర్థమయింది ఒక్కటే: నేను చేసిన పనికి కాదు, నేను ఉండడానికే ఆమె సిగ్గుపడుతున్నది. పనికి సిగ్గుపడితే ఆ పని మానుకోవచ్చు. ఉండడం ఎలా మానుకోవాలో నాకు తెలియలేదు.

మరుసటి ఏడు కొలువు పెట్టగానే గడియ పడింది. అయితే మా కొలువులోని రాజారాణి బొమ్మలకు పట్టుబట్ట కట్టే పని మాత్రం నాదే. వెనక గదిలో కూర్చొని, వేలెడంత చీరకు కుచ్చిళ్లు సమానంగా వచ్చేదాకా విప్పి కట్టి, విప్పి కట్టేదాన్ని. ముందు హాలులో ఆ కుచ్చిళ్లను మెచ్చుకొనే మాటలు తలుపు సందులోంచి వినిపించేవి. ఎవరు కట్టారని ఎవరైనా అడిగితే మా అమ్మ ఏదో ఒక మాట చెప్పి దాటవేసేది.

ఇది మా అవ్వ చూస్తూనే ఉండింది. మా అవ్వ మాట తక్కువ మనిషి. ఆ పండుగ నడిమధ్యలో ఒక సాయంత్రం ఆమె గడియ తీసి, నన్ను బయటికి పిలిచి, పొట్లాలు నింపిన బుట్ట నా నెత్తిన పెట్టింది. మా అమ్మ ఎదురు వచ్చింది.

"దీన్నెందుకత్తా? నలుగుర్లో నగుబాటు."

"నాకొక మొక్కు ఉండాది. కొలువు కాడికి రాని మనిషి చేతికి నేనే గుగ్గిళ్లు ఇయ్యాల. బుట్ట మోసే దానికి ఒకరు కావాల గదమ్మా."

అటువంటి మొక్కు అంతకు ముందు ఎవరూ వినలేదు. కానీ మంగళసూత్రంతో, ముక్కుపుడకలతో ఉన్న పెద్ద ముత్తైదువ మొక్కు అన్నప్పుడు, పండుగ పూట కాదనే ధైర్యం ఆ పేటలో ఎవరికీ లేదు. ఆ సంగతి మా అవ్వకు బాగా తెలుసు.

మొదట ఇత్తడి పాత్రల అంగడివాళ్ల ఇంటికి వెళ్లాము. పాట, పసుపు కుంకుమ అయ్యాక మా అవ్వ తన మొక్కు చెప్పింది. ఇంట్లో ఉన్నవాళ్లంతా ఇక్కడే ఉన్నారని ఆ ఇంటి కోడలు అన్నది. అదే సమయానికి లోపలి కొట్టులోంచి ఇత్తడి మూత ఒకటి నేల మీద గిరగిరా తిరిగిన చప్పుడు వచ్చింది.

"అట్లయితే ఆ మూత తిప్పేది ఎవురమ్మా, ఎలుకా?" అన్నది మా అవ్వ.

ఆ కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. లోపల ఆమె పెద్ద కొడుకు, మీసాలు వచ్చిన మనిషి, మూతల మధ్యన కూర్చొని ఉన్నాడు. ఒక్కొక్కటీ తిప్పి, చెవి నేలకు ఆనించి వింటున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఒక మూత ఆగాక, ఇది అంచు అరిగింది అన్నాడు. ఆ చప్పుడులో తేడా నాకూ తెలిసింది, అవునన్నాను. ఇద్దరం ఒకరినొకరం చూసుకోలేదు. అక్కడ ఎవరికీ అది తప్పుగా తోచలేదు. గడప దాటుతుంటే ఆ తల్లి మా అవ్వ చెవిలో, ఇట్లాంటిది మా ఇంట్లోనే ఎందుకు పుట్టిందో అన్నది.

తరువాత ఒక వకీలుగారి మేడ. అక్కడ మొక్కు మాట వినగానే ఇంటావిడ ముఖం వికసించింది. ఆమె మరిది పై గదిలోంచి కిందికి దిగడట, పంచాంగాలు తప్ప వేరే లోకం లేదట. "ఋషి, పెద్దమ్మా, మా మరిది ఋషి" అన్నది. ఆ ఋషి తలుపు కొద్దిగా తెరిచి, మా పాదాల వైపు చూస్తూ, శనగలా అలసందలా అని అడిగాడు. శనగలన్నాము. పొట్లం తీసుకొని తలుపు వేసుకున్నాడు. కింద అందరూ ముచ్చటగా నవ్వారు. అక్కడ ఏడ్చినవాళ్లు లేరు.

పూలు కట్టి అమ్మే ఆమె ఇల్లు మా వెనక సందులో ఉండేది. ఇల్లంటే ఒకటే గది. ఆమె కూతురు, నాకంటే కొంచెం పెద్దది, సందు మొదట్లో కూర్చొని రాలిన పూరేకులను రంగు ప్రకారం కుప్పలు పెడుతూ ఉండేది. పిలిస్తే పలికేది కాదు. దారినపోయే పిల్లలు పిచ్చిదని గులకరాళ్లు వేసేవారు. నేనూ ఆ దారినే బడికి వెళ్లేదాన్ని. వాళ్లకు బిడ్డను దాచుకోవడానికి వెనక గది కూడా లేదు. మా అవ్వ ఆ పిల్ల పక్కన చతికిలబడి, కుప్పలు చెదరకుండా పొట్లం పెట్టింది. పూలామె రెండు చేతులూ జోడించింది గాని, సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. ఏ తప్పూ చేయని మనిషి అంతగా వంగిపోవడం చూసి, నాకు మొదటిసారి సిగ్గుకు బదులు కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

వెళ్లిన ప్రతి ఇంట్లోనూ అటువంటివాళ్లు ఉన్నారని రాస్తే అది అబద్ధమవుతుంది. చాలా ఇళ్లలో ఎవరూ లేరు. ఒక ఇంట్లో లోపల ఉన్నది చూపు పోయిన ముసలాయన. నేను చూసినవాళ్లలో ఎవరికి ఏమి ఉండేదో తేల్చడానికి నేను వైద్యురాలిని కాను. అయినా మా వీధి చివరికి చేరకముందే బుట్ట ఖాళీ అయింది. ఇత్తడి అంగడి కోడలు అన్న మాటనే, మా ఇంట్లోనే ఎందుకో అన్న మాటనే, నేను మరి రెండు ఇళ్లలో విన్నాను. ఆ ఇళ్లకు మధ్యన ఉన్నది ఒక్క గోడ.

ఇంటికి వచ్చేసరికి హాలు నిండా ఆడవాళ్లు ఉన్నారు. మా అవ్వ కొంగు కింది నుంచి దాచిన పొట్లం ఒకటి తీసింది. అది నాకేననుకొని, అందరి ముందూ చెయ్యి చాచడానికి సిగ్గుపడుతూనే చాచాను. ఆమె నన్ను దాటిపోయింది. హాలు పక్కన మా తాత కూర్చొనే గది ముందు ఆగింది.

మా తాత గంభీరమైన మనిషి అని పేటంతా అనేది. పెళ్లిళ్లకు వెళ్లేవాడు కాదు. మాట్లాడితే పట్టునూలు సంగతే మాట్లాడేవాడు, అదీ నేల వైపు చూస్తూ. ఆ గది ముందు వెళ్లేటప్పుడు అందరూ గొంతు తగ్గించేవారు. మా అవ్వ పొట్లం అందించింది. ఆయన తల ఎత్తకుండా అడిగాడు.

"కొబ్బరి యేసినారా?"

"మీ దాంట్లో ఎప్పుడన్నా యేసినానా?"

ఆమె హాలు వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "ఏమమ్మా, నేను కాపరానికి వచ్చినప్పటి నుంచీ చూస్తాండా. ఈయన ఒక్క పొద్దన్నా కొలువు కాడికి రాలే. ఒకరి మొగం చూసి మాట్లాడలే. ఈయన గదికి బయట గడియ ఎవురన్నా పెట్టినారా?"

మా అమ్మ పళ్లెం పట్టుకొని నిలబడిపోయింది. ఆమె ముఖం నేను చూశాను. చూడడం నాకు కష్టమే, అయినా చూశాను. అందులో ఉన్నదీ సిగ్గే, కానీ పోయిన ఏడు నా వల్ల వచ్చిన సిగ్గు కాదది.

మరునాడు మా అవ్వ వడ్రంగిని పిలిపించి, వెనక గది గడియ ఊడదీయించి తలుపుకు లోపలి వైపున కొట్టించింది. రావాలనిపిస్తే రా, లేకుంటే గడియ నీ చేతిలోనే ఉండాది అని నాతో అన్నది. అంతే. ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు తలుపు చప్పుడయింది. మా అమ్మ తలుపు తట్టింది. నా గది తలుపు ఒకరు తట్టడం అదే మొదలు. నేను బయటికి వచ్చి, రాణి బొమ్మ చీర కుచ్చిలి ఒకటి జారితే సరిచేసి, మళ్లీ లోపలికి వెళ్లాను. వెళ్తుంటే వెనక నుంచి మా అమ్మ గొంతు వినిపించింది. ఎవరితోనో, చాలా చిన్నగా, అది మా పాప కట్టింది అంటున్నది.

ఇది ఎందరికి ఉంటుందని మొన్న నేను వైద్యురాలిని అడిగాను. అనుకున్నంత అరుదు కాదని ఆవిడ చెప్పింది. కులం, భాష, డబ్బు చూసి రాదన్నది. లెక్కల్లో మగపిల్లలే ఎక్కువగా కనిపిస్తారనీ, ఆడపిల్లలు నలుగురిని చూసి అనుకరిస్తూ దాచుకోవడం నేర్చుకుంటారు గనుక చాలామంది ఎవరి కంటా పడరనీ, పేరు తెలియకుండానే ముసలివాళ్లయినవారు ఎందరో ఉన్నారనీ చెప్పింది. ఆ చివరి మాట అన్నప్పుడు ఆవిడ నా వైపు చూసింది. నేను ఆవిడ బల్ల మీది కాగితాలు సరిగ్గా పేర్చి పెట్టాను. వంశంలో ఎవరికీ లేదన్న బంధువులకు నా జవాబు ఇదే. అంగడి యజమానిలో ఉంటే గంభీరమన్నారు, చదువుకున్నవాడిలో ఉంటే ఋషి అన్నారు, ఆడపిల్లలో ఉంటే పొగరన్నారు, పూలామె బిడ్డలో ఉంటే రాళ్లు వేశారు. పేర్లు పెట్టింది మీరే, లేదంటున్నదీ మీరే.

సిగ్గు మాత్రం నన్ను పూర్తిగా వదలలేదు. ఈనాటికీ నలుగురిలో ఒక మాట అన్న తరువాత, ఆ పెద్ద ఇంటి నవ్వు నా చెవిలో వినిపిస్తుంది. దానితోపాటు ఒక అలవాటు కూడా మిగిలింది. ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు తలుపుల గడియలు చూస్తాను.

ఈ దసరాకు మా తమ్ముడి మనవడు వచ్చాడు. హాలు నిండగానే చెవులు మూసుకొని పక్క గదిలోకి వెళ్లి గడియ వేసుకున్నాడు. వాడి తల్లి అందరి వైపూ చూసి, ఏం చెప్పాలో తెలియక చీర అంచు నలుపుతూ నిలబడింది. నేను కొబ్బరి లేని గుగ్గిళ్ల పొట్లం ఒకటి ఆమె చేతిలో పెట్టాను. ఆమె వెళ్లి, తలుపు నెట్టకుండా, తట్టింది.