చెరువే రెండో వైరు

1985 జూన్‌లో నన్ను విద్యుత్ బోర్డు అసిస్టెంట్ ఇంజనీరుగా దిల్‌సుఖ్‌నగర్ సెక్షన్‌కు బదిలీ చేశారు. అప్పట్లో మలక్‌పేట దాటితే పంటలకంటే లేఅవుట్ బోర్డులే ఎక్కువగా కనిపించేవి. రోడ్డుకంటే ముందు కాలనీకి పేరు, డ్రైనేజీకంటే ముందు కమాను వచ్చేవి. ఎల్‌బీ నగర్ అవతల చెరువు పక్క పొలాన్ని ప్లాట్లు చేసిన నర్సింహారెడ్డి ఇంకో అడుగు ముందుకేసి, చెరువులో ఇనుప రేకుల పడవ దించాడు. సాయంత్రం దాన్ని గట్టుకు కట్టి రంగు బల్బులు వెలిగించేవాడు. కరెంటు ఉందా అని అడిగే కొనుగోలుదారులకు అదే జవాబు. ప్లాట్లలో మాత్రం ఒక్క స్తంభం లేదు.

ఆ పడవ బల్బులకు తాత్కాలిక కనెక్షన్ మంజూరు చేసింది నేనే. గట్టు మీద మీటరు, ఫ్యూజు చూసి, కాంట్రాక్టరు ఇచ్చిన వైరింగు సర్టిఫికెట్ జత చేసుకుని సంతకం పెట్టాను. మీటరు దాటిన వైరింగు వినియోగదారుడి బాధ్యత. ఈ ఒక్క నిబంధన మా శాఖలో ప్యూను దగ్గర్నుంచి అందరికీ కంఠస్థం.

నెల తర్వాత ఒక శనివారం ఫిర్యాదుల కౌంటరు దగ్గరకు సాయన్న వచ్చాడు. చెరువులో చేపలు పట్టుకునే మనిషి. జనం ఎక్కేటప్పుడు నడుములోతు నీళ్లలో నిలబడి పడవ కదలకుండా పట్టుకోవడం అతని కొత్త నౌకరీ.

"చెరువుల కరెంటొస్తుంది సార్. పడవ ముట్టుకుంటే చేతులు జివ్వుమంటున్నయి," అన్నాడు.

మా గుమస్తాది గుంటూరు. "కాలనీల్లోనే రావట్లేదయ్యా, నీకు చెరువులో వస్తోందా? సర్వీసు నంబరు చెప్పు," అన్నాడు.

సాయన్నకు నంబరు లేదు. నంబరు లేని ఫిర్యాదు రిజిస్టరులోకి ఎక్కదు. "ఎనిమిది బల్బులకే గిట్లున్నది. రేపు ఐతారం ప్లాట్లు సూడ జనమొస్తరని నలభై పెడుతరంట," అంటూ అతను వెనక్కి తిరిగేసరికి నేను కుర్చీలోంచి లేచాను.

వెళ్లి చూస్తే మీటరు నుంచి పడవకు ఒకటే వైరు ఉంది. రెండోది ఏదని, ఆ వైరింగు చేసిన ఎలక్ట్రీషియన్ యాదగిరిని అడిగాను.

"ఎందుకు సార్ దండగ? మా ఊర్ల బోరు కాడ గిట్లనే ఎలుగుతది. చెరువే రెండో వైరు."

వాళ్ల నల్లగొండ పల్లెల్లో న్యూట్రల్ తీగకు బదులు భూమిలో ఇనుప కడ్డీ దింపి బల్బు వెలిగించడం వాడుక. యాదగిరి కడ్డీ కూడా మిగిల్చి పడవ రేకునే వాడాడు. బల్బుల్లోంచి వచ్చిన కరెంటు రేకులోకి, నీళ్లలోకి, భూమి గుండా ట్రాన్స్‌ఫార్మర్‌కు పోతోంది. బల్బులు పెరిగేకొద్దీ రేకు మీద వోల్టేజీ పెరుగుతుంది. నీళ్లలో నిలబడి రేకు పట్టుకున్నవాడూ ఆ దారిలో భాగమే. ఎనిమిది బల్బులు వేయించి, వోల్టు మీటరు ఒక కొన రేకుకు, ఇంకో కొన ఎడంగా నీళ్లలో పెట్టాను. ముల్లు ముప్పై వోల్టులు దాటింది. నలభై బల్బులకు సాయన్న మిగలడు.

"వాడు పొద్దుగాల్నే కల్లు తాగుతడు ఇంజనీర్ సాబ్. వాని మాట పట్టుకొని పరేషాన్ చేస్తరా?" అన్నాడు అప్పుడే గట్టు మీదికి వచ్చిన రెడ్డి.

నా వోల్టు మీటరు తాగలేదని, ఆయనే ఒకసారి నీళ్లలోకి దిగి పడవ పట్టుకుంటే వెళ్లిపోతానని చెప్పాను. తన చెప్పులు కొత్తవన్నాడు ఆయన.

"నాకు చెప్పులే లేవు పటేలా," అన్నాడు సాయన్న.

ఫ్యూజు తీసి సీలు వేశాను. సాయంత్రం పై అధికారి ఫోను చేసి, ఒక్క రోజుకు చూసీ చూడనట్టు పొమ్మన్నారు. అదే మాట కాగితం మీద రాసి పంపమని కోరాను. ఆ కాగితం నా పదవీ విరమణ దాకా రాలేదు.

ఆదివారం పడవ చీకట్లోనే ఉంది. కరెంటు ఏదని అడిగినవాళ్లకు రెడ్డి, "ఇంజనీరు బంద్ చేసిండు. లేంది బంద్ చేస్తరా?" అని చెప్పాడట. ప్లాట్లు బాగానే అమ్ముడయ్యాయి.

పది రోజులకు వైరింగు మార్పించాడు. ఫేజు, న్యూట్రల్, ఎర్తు విడివిడిగా ఉన్న రబ్బరు కేబులు వేశారు. పడవ ఊగినా లాక్కోకుండా వదులు పెట్టి, నీళ్ల మీద అతుకు లేకుండా చూశాం. రేకును ఎర్తుకు మాత్రమే కలిపాం. గట్టు మీద ఉప్పు, బొగ్గు వేసిన ఎర్తు గుంత, లీకేజీ రాగానే తనంతట తనే పడి కరెంటు ఆపేసే బ్రేకరు పెట్టించాను. ముందు పడవ వైపు ప్లగ్గు పెట్టాకే గట్టు మీద స్విచ్చి వేయాలి, తీసేటప్పుడు స్విచ్చి ముందు ఆపాలి. ఈ వరుసను రెడ్డికి కాదు, సాయన్నకు నేర్పాను.

ఆ తర్వాత ఏ తనిఖీకి వెళ్లినా సర్టిఫికెట్‌ను అన్నిటికంటే చివర చూసేవాణ్ణి. అక్కడి ఇనుమును రోజూ చేత్తో పట్టుకునేది ఎవరో ముందు కనుక్కుని, అతన్ని అడిగేవాణ్ణి. అతనికి సర్వీసు నంబరు ఉండదు.