ఇటలీ మీగడకు మల్కాపురం మిరియాలు

ఆ రోజుల్లో, అంటే పెళ్ళయిన కొత్తలో, ఫోనులో వీడియో దొరికితే చాలు, మనిషి చేయలేని పని లేదని నా గట్టి నమ్మకం. వీడియో చూసి వంటింటి కుళాయి బాగు చేశాను (ఆ సాయంత్రమే ప్లంబర్‌ని పిలిచాం). వీడియో చూసి నా జుట్టు నేనే కత్తిరించుకున్నాను (జుట్టు పెరిగేదాకా ఆఫీసుకి టోపీతో వెళ్ళాను). ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడి మీద జాలి, ముద్దు రెండూ కలుగుతాయి గానీ, అప్పట్లో వాడికి తన మీద తనకు పిసరంత అనుమానం కూడా ఉండేది కాదు. అలాంటివాడు ఒక శనివారం పొద్దున్న, మల్కాపురంలోని మా ఇంట్లో, అమ్మ గుడికి వెళ్ళిన సమయం చూసి, పన్నా కోటా చేద్దామని వంటింట్లో దూరాడు.

పన్నా కోటా అంటే ఏదో బ్రహ్మవిద్య అనుకునేరు. పాలు, మీగడ, పంచదార వేడిచేసి, గట్టిపడే పొడి ఏదో కలిపి ఫ్రిజ్‌లో పెడితే, ముట్టుకుంటే వణికే తెల్లటి ముద్ద అవుతుంది. ఇటలీ వాళ్ళ తీపి. మా ఆవిడ పెళ్ళికి ముందెప్పుడో బీచ్ రోడ్డు హోటల్లో తిన్నదట. ఆ సంగతి చెబుతుంటే ఆమె మొహం వెలిగింది. మా ఇంటికి వచ్చాక ఆ మొహంలో నేను చూసిన మొదటి వెలుగు అదే. వాళ్ళది మా ఊళ్ళోనే అటు చివర సీతమ్మధార. కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, గొంతు పెంచకుండా మాట్లాడుకునే మనుషులు. మా ఇంట్లోనేమో ఉప్పు అందుకోమని అడిగినా వీధి చివరిదాకా వినిపిస్తుంది. పాపం, బెదిరిపోయింది. రెండు ముద్దలు తిని లేచిపోయేది. మా అమ్మని 'అత్తయ్యగారూ, మీరు' అంటూ, పై అధికారికి సెలవు చీటీ ఇస్తున్నట్టు మాట్లాడేది.

"ఏటిరా ఇది? ఆ పిల్ల నా సేతి కూడు తినదు, నాతో నవ్వదు. నాను ఏటి తక్కువ సేసినాను?" అని అమ్మ నా దగ్గర మొరపెట్టుకునేది.

ఆ శనివారం మా ఆవిడ పుట్టినరోజు. ముందురోజే పుట్టింటికి వెళ్ళి, అక్కణ్ణుంచి ఫోను చేసి, "కొన్నాళ్ళు ఇక్కడే ఉండనా?" అని మెల్లగా అడిగింది. ఆ కొన్నాళ్ళు ఎన్నాళ్ళవుతాయో ఎవరికి తెలుసు? "సాయంత్రం వచ్చి తీసుకొస్తాను. నీకోసం ఇంట్లో ఒకటి ఉంటుంది. నచ్చకపోతే రేపే దింపేస్తాను" అన్నాను. అలా మా కాపురం మొత్తం ఆ వణికే ముద్ద మీద వచ్చి కూర్చుంది.

వీడియోలో జెలటిన్ వేయమన్నారు. దానికోసం అంతకుముందే పూర్ణా మార్కెట్లో కేకు సామాన్ల కొట్టుకి వెళ్తే, కొట్టతను, "బావా, మీ ఇంట్లో శనివారాలు పాటిత్తారేటి?" అని అడిగాడు. పాటించకేం! మిగతా రోజుల్లో చేపల పులుసు లేనిదే మా అమ్మకి ముద్ద దిగదు గానీ, శనివారం వెంకన్నబాబుది, ఆ రోజు నీసు పేరు కూడా ఎత్తకూడదు. "అయితే ఇదొద్దు, పశువుల ఎముకల్లోంచి తీత్తారు. సైనా గ్రాస్ పొడి పట్టుకెల్లు, సముద్రం నాచుతో సేత్తారు" అని ఇంకో పొట్లం చేతిలో పెట్టాడు. పొడి మారినప్పుడు వండే పద్ధతి కూడా మారుతుందేమోనన్న ఆలోచన నాకు రాలేదు. పొడి కలిపాక పాలు మరగనివ్వొద్దని వీడియోలో ఆవిడ వేలు చూపించి మరీ హెచ్చరించింది. నేను బుద్ధిమంతుడిలా గోరువెచ్చగా ఉండగానే దింపేసి, స్టీలు గిన్నెలో పోసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. నాచు పొడి బాగా మరిగితే గానీ కరగదని అప్పుడు నాకు ఎవరు చెప్పారు? మధ్యాహ్నం తీసి చూస్తే పాలు పాలలాగే ఉన్నాయి. భారం వెంకన్న మీద వేసి, బండెక్కి సీతమ్మధార వెళ్ళాను.

ఇక్కడ మా పాలవాడి గేదె గురించి చెప్పాలి. అది నిండు చూలుతో ఉంది. కొత్త కోడలికి జున్ను పెట్టాలని, అది ఈనగానే జున్నుపాలు మా ఇంటికే తెమ్మని అమ్మ రోజూ వాడి ప్రాణం తీస్తోంది. తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందంటారు. మా ఇంట్లో దైవం దాకా పోనక్కర్లేదు, అమ్మ చాలు.

మేం గుమ్మం ఎక్కేసరికి ఇల్లంతా ఏలకులు, మిరియాల వాసన. నేను నేరుగా వెళ్ళి ఫ్రిజ్ తెరిచాను. గిన్నె లేదు.

"అమ్మా, ఇందులో గిన్నె ఏదీ?"

"జున్నుపాలే కదరా? నాను గుడికెల్లినప్పుడు పాలోడు ఇచ్చెల్లినట్టున్నాడు. ఏటి సిక్కదనం అనుకున్నావ్! అడుగున ఏదో మడ్డి ఉంటే గరిటెతో బాగా కలిపి, బెల్లం, మిరియాలు కొట్టేసి, ఇడ్లీల గిన్నెలో ఆవిరికెట్టేసినాను. ఇందాకే సామికి నైవేద్యం ఎట్టినాను. ఇంకా ఎవులూ నోట ఎట్టలేదు."

"అది జున్ను కాదమ్మా! నీ కోడలి పుట్టినరోజుకని నేను చేసిన ఇటలీ తీపి! మొత్తం పాడుచేశావు!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను.

"నాను కూడా ఆ పిల్ల కోసమే కదరా సేసినాను" అంది అమ్మ, చిన్న గొంతుతో. మా అమ్మకి అంత చిన్న గొంతు ఉందని నాకు అప్పుడే తెలిసింది.

మా ఆవిడ చేతిలో బ్యాగు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఇక రేపు పొద్దున్నే సీతమ్మధార ప్రయాణం ఖాయమనుకున్నాను. ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, బ్యాగు కింద పెట్టి, వంటింట్లోకి వెళ్ళి మూత తీసింది. లోపల బెల్లం రంగు ముద్ద. వేలితో తాకింది. అది వణికింది! పొద్దున్న నేను మరిగించనిది అమ్మ ఆవిరిలో ఉడికింది కదా, చల్లారాక చక్కగా పేరుకుంది. చెంచాతో తీసి నోట్లో పెట్టుకుంది. అమ్మా నేనూ పరీక్ష ఫలితాలు చూసే పిల్లల్లా ఆ నోటివైపే చూస్తున్నాం. ముందు మిరియం ఘాటుకి కళ్ళు పెద్దవయ్యాయి. ఆ వెంటనే నా పంచదార, అమ్మ బెల్లం కలిసి వచ్చినట్టున్నాయి, మొహం ముడుచుకుంది. తర్వాత పడీపడీ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వలేక గట్టుకి ఆనుకుని నేలమీద కూర్చుండిపోయింది.

"ఇద్దరూ కలిసి నన్ను తీపితో చంపేద్దామనుకున్నారా? అత్తా, ఇలాంటిది ఇటలీలో కూడా దొరకదు. ఇంకాస్త పెట్టు!"

ఆ 'అత్తా' పిలుపుకి అమ్మ ఉలిక్కిపడి, ఆ సంతోషం పట్టలేక తానూ ఒక చెంచా తిని, "ఓలమ్మో, ఇంత తీపేటి!" అని వీధంతా వినేలా కేక పెట్టింది. మా ఆవిడ బెదరలేదు, ఇంకా నవ్వింది. జున్ను వండాక నలుగురికీ పంచకపోతే తప్పని, ఆ సాయంత్రం అది పక్కిళ్ళకి కూడా వెళ్ళింది. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదు గనక ఒకరు జామకాయలు, ఒకరు వేరుశెనగ ఉండలు వేసి పంపారు. పాపం, ఒక్కరూ అది ఏ గేదెదని అడగలేదు. మర్నాడు దింపమని నన్నెవరూ అడగలేదు.

మొన్న మా ఆవిడ పుట్టినరోజుకి నేను మళ్ళీ పన్నా కోటా చేశాను. ఈసారి పొడిని బాగా మరిగించి, గాజు కప్పుల్లో పోసి, పైన నాలుగు దానిమ్మ గింజలు కూడా చల్లాను. పాలరాయిలా తెల్లగా, ముట్టుకుంటే వణుకుతూ, ఇటలీ వాళ్ళు చూస్తే మెచ్చుకునేలా వచ్చింది. అత్తాకోడళ్ళు పక్కపక్కన కూర్చుని తిన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బాగానే ఉందిరా. మిరియాలు ఎయ్యలేదేటి?" అంది అమ్మ.

"నానూ అదే అడుగుదామనుకుంటన్నాను అత్తా" అంది నా సీతమ్మధార భార్య, వీధి చివరిదాకా వినిపించేలా.

ఆ వీడియోల కుర్రాణ్ణి తలుచుకుని నాలో నేనే నవ్వుకుంటూ, మిరియాల డబ్బా కోసం లేచాను.