పిన్నిగారి బస్సు, నా ఏకగ్రీవం

మా వీధి చివరింటి పిన్నిగారు గురువారం పొద్దున పోయారు. "నిద్రలోనే వెళ్ళిపోయారండి, ఇబ్బందేమీ పడలేదు," అని వాళ్ళ కోడలు ఫోన్ చేసింది. ఆ మాటతో నాకు ఊరట కలగలేదు. ఆవిడ నాకు చెప్పిన పని ఒకటి ఏడాదిగా నా దగ్గరే ఉండిపోయింది.

టొరంటోకి తూర్పునున్న మా ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ ఆవిడ పిన్నిగారే. రోజూ పదింటికి బస్సెక్కి లైబ్రరీ దాకా వెళ్ళేవారు. చలికాలమంతా ఇంట్లో కాపాడుకున్న మొక్క నుంచి నాలుగు కరివేపాకు రెబ్బలు కోసి సంచిలో వేసుకునేవారు, తెలుగు ముఖం కనబడితే చేతిలో పెట్టడానికి. కొడుకు దింపుతానంటే, "కారెక్కితే సామాన్నిరా, బస్సెక్కితే మనిషిని," అనేవారు.

అప్పట్లో నేను తెలుగు సంఘం కార్యదర్శిని. ఆ బస్సు తీసేసి, ఫోన్‌లో బుక్ చేసుకుంటే వచ్చే వ్యాన్ పెడదామనుకుంటున్నాం, మీవాళ్ళ అభిప్రాయం చెప్పండని సిటీ కౌన్సిల్ వాళ్ళు సంఘాలని అడిగారు. వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మా సంఘంలో ఇంటికొక సభ్యత్వం, ఒకటే నంబరు. అదీ సంపాదించేవాళ్ళది. అందరికీ కార్లున్నాయి. గంటలో బొటనవేళ్ళు బారులు తీరాయి. కౌన్సిల్ ముందు నిలబడి, తెలుగువాళ్ళందరం ఏకగ్రీవంగా ఒప్పుకుంటున్నామని చెప్పి వచ్చాను. ఫొటో కూడా దిగాను.

బస్సు ఆగిన వారానికి పిన్నిగారు మా ఇంటికొచ్చారు.

"మా తరఫున మాట్లాడొచ్చావటగా?"

"అవును పిన్నిగారూ. గ్రూపులో అందరినీ అడిగే..."

"మావాడు వేలెత్తాడులే. వాడు బస్సెక్కి ఎన్నేళ్ళయిందో అడిగావా?"

ఆవిడే టీ పెట్టమన్నారు. తాగుతూ, "మళ్ళీ వెళ్ళి, పొరపాటైందని చెప్పమ్మా. నేనూ వస్తా. నేను తెలుగులో చెబుతా, నువ్వు ఇంగ్లీషులో చెప్పు," అన్నారు.

సరేనన్నాను. అధ్యక్షుడు మాత్రం, "చెప్పిన మాట మార్చుకుంటే మనల్ని మళ్ళీ పిలవరండీ," అన్నారు. నేను ఆగింది సంఘం పరువు కోసమేనని అప్పుడు నమ్మాను. ఇప్పుడు ఆలోచిస్తే, నా పరువు కోసమేనేమో. వార్షికోత్సవం అయ్యాక అన్నాను, సెలవులయ్యాక అన్నాను. ఆవిడ రెండుసార్లు అడిగి, మానేశారు.

ఒకసారి నేనే దింపుతానని వెళ్ళాను. "ఎక్కడికెళ్ళాలి పిన్నిగారూ?"

"ఎక్కడికని చెప్పనమ్మా? ఊరికే వెళ్ళేదాన్ని."

ఆ వ్యాన్ కూడా ముందు అదే అడుగుతుంది, ఇంగ్లీషులో.

నిన్న కౌన్సిల్‌లో మాట్లాడటానికి దరఖాస్తు తెరిచాను. ఎవరి తరఫున మాట్లాడతారని ఒక గడి ఉంది. అలవాటుగా సంఘం పేరు కొట్టి, చెరిపేశాను. ఆవిడ పేరు రాద్దామనుకుంటే తెలిసింది, పదకొండేళ్ళలో నేను ఆవిడ పేరు ఎన్నడూ అడగలేదని. అంత్యక్రియల దగ్గర పంచిన కార్డు తెచ్చి కీబోర్డుకి ఆనించి పెట్టుకుని, అందులో చూసుకుంటూ ఒక్కో అక్షరమే కొట్టాను.