గోళానికి అంటిన పసుపు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లేదని నాకు గట్టి నమ్మకం. మాస్టర్స్ అయి ఏడాది కూడా కాలేదు, వీసా ఇంకా స్టూడెంట్‌దే, అయినా షాంటిలీలో మా పిన్ని వాళ్ళ బేస్‌మెంట్‌లో ఉంటూ రోజూ నది దాటి మేరీలాండ్ వైపు లాబ్‌కి డ్రైవ్ చేస్తుంటే అంతరిక్షమంతా నా భుజాల మీదే నిలబడి ఉందన్నంత ధీమాగా ఉండేది. నిజానికి నా పని గోళాలు తుడవడం. (ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం 'సెన్సర్ ప్రిపరేషన్' అనేదాన్ని.) నల్లటి పూత పూసిన, నారింజపండంత గోళాలు. ఉపగ్రహం పైకి వెళ్ళాక పొడవాటి తీగల చివర వీటిని బయటికి వదులుతారు. ఎదురెదురు గోళాల మధ్య వోల్టేజీ తేడా చూసి అక్కడి విద్యుత్ క్షేత్రం ఎంతో, భూమి చుట్టూ ఉండే ప్లాస్మా అనే విద్యుదావేశ వాయువులో ఏ అలలు లేస్తున్నాయో లెక్కకడతారు. ఆ తేడా బహు స్వల్పం. అందుకని గోళాలన్నీ ఒక్క తీరుగా ఉండాలి. ఒకదాని మీద వేలిముద్ర పడిందా, ఎండ తగిలినప్పుడు అది మిగతావాటిలా ప్రవర్తించదు, లేని క్షేత్రాన్ని ఉన్నట్టు చూపిస్తుంది.

అందుకే ఆ గోళాలుండే క్లీన్ రూమ్‌లో మా అమ్మమ్మ వంటింట్లో కన్నా ఎక్కువ మడి. తల నుంచి కాలి దాకా తెల్ల సూటు, మూతికి గుడ్డ, చేతులకి గ్లోవ్స్; ఆ గ్లోవ్స్‌తో పొరపాటున ముక్కు గోక్కున్నా మార్చి తీరాలి. ఈ శుభ్రతకంతటికీ అధికారిణి ఒక అరవయ్యేళ్ళ అమెరికన్ ఆవిడ. నేను మనసులో ఆవిడకి మడి అత్తయ్య అని పేరు పెట్టుకున్నాను. నవ్వగా ఎవరూ చూడలేదు. ఆవిడ సరే అంటే గోళాలు పెట్టెలోకి వెళ్తాయి, కాదంటే పూత గీకి మళ్ళీ మొదటినుంచి. అప్పుడు ఉపగ్రహానికి బిగించే గడువు దాటిపోతుంది. మా బాస్ నా హెచ్-1 ఉద్యోగ వీసా మాటెత్తినప్పుడల్లా "ముందు గోళాలు షిప్ అవనీ, ఫైల్ చేద్దాం" అనేవాడు. అంటే నా ఉద్యోగం, నేను ఈ దేశంలో ఉండడం, అన్నీ ఆ నల్లటి గోళాలకే వేలాడుతున్నాయి.

ఆఖరి తనిఖీ సరిగ్గా శ్రావణ శుక్రవారం నాడు పడింది. పిన్ని పొద్దున్నే లేపి వ్రతంలో కూర్చోబెట్టి, పసుపు ఓడుతున్న తోరం నా కుడిచేతికి కట్టింది.

"పిన్నీ, లాబ్‌లో చేతికేమీ ఉండకూడదు."

"బంగారం ఉండకూడదన్నావు, గాజులు తీసేశావుగా. ఇది దారమే. రేపు పొద్దున దాకా తియ్యకు, తల్లీ. పచ్చగా ఉంటావు."

నాకూ సబబుగానే తోచింది. సూటు వేసుకున్నాను, గ్లోవ్స్ వేసుకున్నాను, ఆగస్టు ఉక్కకి తోరం తడిసి మణికట్టు మీదికి జారింది. గ్లోవ్ వేళ్ళతోనే దాన్ని పైకి తోసి, నిక్షేపంగా పనిలో పడ్డాను. ముక్కు ముట్టుకుంటే గ్లోవ్స్ మార్చాలని తెలుసు. పసుపు ముట్టుకుంటే చెయ్యి మైలపడుతుందని మాత్రం పుట్టిన దగ్గర్నుంచీ నాకెవరూ నేర్పలేదు.

మధ్యాహ్నం మడి అత్తయ్య లైట్లార్పి బ్లాక్ లైట్ వెలిగించింది. మామూలు వెలుతురులో కనబడని మురికి ఆ ఊదారంగు కాంతిలో మెరుస్తుంది. మొదటి గోళం నల్లగా ఉంది. తర్వాతదీ అంతే. నేను తుడిచిన చివరి గోళం మీద మాత్రం మిణుగురు వాలినట్టు పచ్చగా ఒక చుక్క. ఆవిడ దీపాన్ని నెమ్మదిగా నా వైపు తిప్పింది. నా గ్లోవ్ వేళ్ళు, నా మణికట్టు దేదీప్యమానంగా వెలిగిపోతున్నాయి. (పచ్చగా ఉండమని పిన్ని దీవించింది, అది ఇంత త్వరగా ఫలిస్తుందనుకోలేదు.)

"ఏమిటది?" అంది. ఇంగ్లీషులోనే అని ఉంటుంది, నాకు మాత్రం తెలుగులోనే గుర్తుంది.

"పసుపు."

"కూరలో వేసేదేనా? చేతికెందుకు రాసుకున్నావు?"

వరలక్ష్మీదేవి గురించి ఇంగ్లీషులో, ముచ్చెమటలు పోస్తుండగా, మూతికి గుడ్డ కట్టుకుని చెప్పడం ఎంత కష్టమో నన్నడగాలి. ఆవిడ మొత్తం విని, ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో ఆ చుక్కని ఒక్కసారి, పసిపిల్ల చెంప తుడిచినట్టు తుడిచింది. పూత లేచిందా, అంతా అయిపోయినట్టే. మళ్ళీ లైట్లార్పింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"కళ్ళు తెరువు. శుభ్రంగా ఉంది. పూతకీ ఏమీ కాలేదు."

నేను కళ్ళు తెరిచేసరికి ఆవిడ చూపు తోరం మీద పడింది. బల్ల మీద కత్తెర ఉంది. నేనే అన్నాను, "కత్తిరించెయ్యండి, ఫర్వాలేదు."

"ఎప్పటిదాకా ఉండాలన్నావు?"

"రేపు పొద్దున దాకా."

"అయితే తీసేశాక రేపు రా. ఇవాళ నేను సర్దుతాను. రూల్ అంటే రూలే. నాదైనా, మీ పిన్నిదైనా."

బయటికొచ్చి అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. నేను మూడు నెలలు తుడిచిన గోళాలని ఆవిడ ఒక్కొక్కటే పెట్టెలో పెడుతుంటే ఏడుపొచ్చింది, ఎందుకో చెప్పలేను. సోమవారానికల్లా క్లీన్ రూమ్ తలుపు మీది నిషేధాల పట్టికలో పెర్‌ఫ్యూమ్‌కీ నెయిల్ పాలిష్‌కీ కింద 'పసుపు' చేరింది. ఎవరి పుణ్యమో లాబ్‌లో అందరికీ తెలుసు.

గోళాలు షిప్ అయ్యాయి, బాస్ మాట నిలబెట్టుకున్నాడు, ఉపగ్రహం పైకెళ్ళింది. మొదటి ప్లాస్మా అలలని శబ్దంగా మార్చి వినిపించిన రోజున అవి తెల్లవారుజామున పిట్టలు కూసినట్టు కిచకిచమన్నాయి. నేను ఆనందించే ముందు ఆ ఒక్క గోళం సిగ్నల్‌ని విడిగా తీసి చూసుకున్నాను. మచ్చలేదు. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

ఇప్పుడు సన్నీవేల్‌లో ఇంకేదో ఉద్యోగం, తుడిచే పని లేదు, మీటింగులే. అయినా శ్రావణ శుక్రవారం నాడు తోరం కట్టుకుంటే ఒక పిచ్చి కోరిక కలుగుతుంది. ఇంజనీరు అన్న మనిషి అనకూడని మాటే. ఆ రోజు ఆ చుక్క పోవాలని దేవుళ్ళందరికీ మొక్కిన పిల్లనే నేను. ఇప్పుడేమో, ఎవరి లెక్కా చెడనంత, ఏ దీపానికీ దొరకనంత, ఒక్క రేణువు పసుపు ఆ గోళం మీద మిగిలిపోయి ఉంటే బాగుండుననిపిస్తుంది.