పదిహేడు రోజుల కామెర్లు

నల్లకోటు కొత్తగా తొడిగిన ఆ రోజుల్లో, సుప్రీంకోర్టు ఢిల్లీలో ఉందని లోకమంతా అనుకునేది గానీ నిజానికి అది నా చొక్కా జేబులో ఉండేది. పొద్దున్న లేవగానే ఫోను తీసి నిన్న పైకోర్టు ఏమేం తేల్చిందో చదవాలి, పళ్ళు తోముకోవడం ఆ తర్వాతే. అద్దె ఇంటి గొడవ, కూతుళ్ళ వాటా, చెక్కు బౌన్సు, పెన్షను, విడాకులు, చెరువు ఆక్రమణ... ఒకదానికీ ఇంకోదానికీ పొంతన ఉండేది కాదు. అయినా ఆ తీర్పులన్నీ నేనే ఇచ్చినంత గర్వంగా ఉండేది. అమ్మ అక్కకి రెండు పెసరట్లు వేసి నాకు ఒకటి వేస్తే, "ఆడపిల్లకి సమాన వాటా అన్నారు గానీ డబుల్ వాటా అనలేదమ్మా, తీర్పు చూపించనా?" అనేవాణ్ణి. "చూపించు, దాన్నే చట్నీలో నంజుకు తిను" అనేది అమ్మ. (ఇలాంటి కొడుకుని భరించినందుకు ఆవిడకి ఏ కోర్టయినా ఏదో ఒక ఊరట ఇచ్చి ఉండాల్సింది.)

నేను జూనియర్‌గా చేరిన ఆఫీసు గుణదలలో ఉండేది. మా సీనియర్ గారిని అందరం పెద్దాయన అనేవాళ్ళం. ఆయనకొక అలవాటు. కోర్టుకి బయల్దేరే ముందు వరండాలో కుర్చీ వేయించుకుని, వచ్చిన కక్షిదారులందరి ముందూ "ఏరా సుప్రీం, ఇవాళ పైకోర్టు ఏమందిరా?" అని అడిగేవారు. నేను లేచి నిలబడి అప్పజెప్పేవాణ్ణి. అవే తీర్పులు 'నేటి తీర్పులు' అనే వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టేవాణ్ణి. బెజవాడ లాయర్లు సగం మంది అందులో ఉండేవారు. ఎవరైనా బొటనవేలు గుర్తు పెడితే ఆ రోజంతా నేల మీద నడిచేవాణ్ణి కాదు.

అలాంటి ఒక ఉదయం గన్నవరం అవతలి పల్లె నుంచి ఒకావిడ వచ్చారు. యాభై దాటిన మనిషి, భర్త పోయాడు, చేనేత పని. నేను పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి, ఆవిడ నన్ను లాయరు బాబూ అనేవారు. ఇంటి వెనక మగ్గం గది తన వాటాలోదని మరిది దావా వేసి కింది కోర్టులో గెలిచాడు. అప్పీలు చేసుకోవడానికి ముప్పై రోజుల గడువు. "గది పోతే పోయింది బాబూ, ఎక్కడైనా తలదాచుకుంటాను. మాది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని నెయ్యాలి. ముప్పై ఏళ్ళుగా నా కాళ్ళు అందులోనే ఉన్నాయి. గుంటని మూటగట్టుకుని పోలేను కదా" అన్నారు. పెద్దాయన ఫైలు నా చేతిలో పెట్టి, "సుప్రీం, ఇది నీదేరా" అన్నారు. నేనొక్కడినే చూసుకునే మొదటి అప్పీలు!

అప్పీలు వేయాలంటే కింది కోర్టు తీర్పు నకలు కావాలి. నకలుకి అర్జీ పెట్టిన రోజు నుంచి అది తయారైన రోజు దాకా పట్టిన కాలాన్ని గడువులో లెక్కించరు. మా వృత్తిలో అక్షరాభ్యాసం లాంటి సంగతి ఇది. నేనేమో తీర్పులు పోగేసే హడావిడిలో ఇరవై రోజులు పోయాక అర్జీ పెట్టాను. నకలు చేతికొచ్చిన రోజు నుంచి కొత్తగా ముప్పై రోజులు ఉన్నాయనుకున్నాను. నిజానికి మిగిలింది పది. పిన్నిగారు రెండుసార్లు ఫోను చేస్తే, "తొందరేం లేదండీ, బోలెడు టైముంది, మీరు నిశ్చింతగా నేసుకోండి" అని భరోసా కూడా ఇచ్చాను. అప్పీలు తీసుకెళ్ళి దాఖలు చేస్తే కోర్టు ఆఫీసు వాళ్ళు తిప్పి పంపారు. పదిహేడు రోజుల ఆలస్యం, కారణమేదీ?

పెద్దాయనకి చెబితే 'సుప్రీం' అన్న పేరు ఏ గంగలో కలుస్తుందో తెలుసు. అందుకని, "పిన్నిగారు సంతకాలకి రావడం ఆలస్యమైందండీ" అన్నాను. నా జీవితంలో అంత తేలిగ్గా వచ్చిన అబద్ధం ఇంకోటి లేదు. "సర్లే, ఆలస్యం మన్నించమని పిటిషన్ వెయ్యి" అన్నారాయన. మా గుమాస్తా బాబాయి కంప్యూటరు తెరిచాడు. అందులో 'కామెర్లు' అని ఒక ఫైలు. ఎవరి గడువు దాటినా అందులో పేరూ, రోజులూ మార్చడమే. "టైఫాయిడ్ కూడా ఉందబ్బాయ్, కానీ అది మూడు వారాలకి మించి సాగదు. కామెర్లయితే పథ్యంతో కలిపి ఎన్నాళ్ళయినా పడుకోవచ్చు" అన్నాడు, ఇరవై ఏళ్ళ అనుభవంతో. పిన్నిగారిని పిలిపించాం. ఇంగ్లీషులో ఉన్న ప్రమాణపత్రం చివర 'తెలుగులో చదివి వినిపించాం' అని కూడా ఉంది. ఎవరూ వినిపించలేదు. "ఎక్కడ పెట్టమంటారు బాబూ?" అని అడిగి, నేను వేలు పెట్టిన చోటల్లా గుండ్రటి అక్షరాలతో సంతకాలు పెట్టారావిడ.

వాదన రోజున ఆలస్యాన్ని ఉదారంగా చూడాలన్న మూడు తీర్పులు చంకలో పెట్టుకుని పెళ్ళికొడుకులా వెళ్ళాను. అవతలి లాయరు గారు తొణక్కుండా ఒక ఫోటో తీసి జడ్జి గారికిచ్చారు. ఊళ్ళో చేనేత దినోత్సవం సభలో పిన్నిగారు శాలువా కప్పుకుని, మెడలో దండతో, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నారు. నా లెక్కలో ఆవిడ మంచం పట్టిన రోజుల్లో అది సరిగ్గా మధ్య రోజు. జడ్జి గారు ఆవిడని బోనులోకి పిలిచారు.

"అమ్మా, మీకు కామెర్లు వచ్చాయా?"

"నాకా? రాలేదండీ. ఎవరన్నారండీ?"

"పదిహేడు రోజులు మంచం మీద ఉన్నానని రాశారు కదా?"

"అయ్యో, మంచమెక్కితే మగ్గం ఎవరు నేస్తారండీ?"

కోర్టు హాలంతా గొల్లున నవ్వింది. పిన్నిగారు కూడా, మంచి మాటే అన్నానేమో అన్నట్టు, నవ్వుతూ నా వైపు చూశారు. అవతలి లాయరు గారు అప్పుడు ఒకే ఒక్క తీర్పు చదివారు. అబద్ధంతో కోర్టుకొచ్చిన వాళ్ళు దయ అడగకూడదని దాని సారం. దాన్ని వారం క్రితం గ్రూపులో పెట్టింది నేనే. (బయటికొచ్చాక "థాంక్స్ తమ్ముడూ" అని భుజం తట్టారు కూడా.) పిటిషన్ కొట్టేశారు, దాంతోపాటు అప్పీలూ పోయింది. పెద్దాయన తన సొంత ఖర్చుతో హైకోర్టు దాకా వెళ్ళినా అక్కడా అదే మాట.

కోర్టు అమీనా వచ్చి గది స్వాధీనం చేయించిన రోజు నేను వెళ్ళాను. వెళ్ళకపోతే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. మగ్గం విప్పి, చెక్కలు వీధి అరుగు మీద పేర్చారు. మరిది మనుషులు గుంట పూడ్చారు. ముప్పై ఏళ్ళ గుంటకి పది గంపల మట్టి చాలింది. పిన్నిగారు ఏడవలేదు. నా పక్కకొచ్చి నిలబడి మెల్లగా అడిగారు.

"బాబూ, నాకు కామెర్లని రాశారు సరే. అసలు ఆలస్యం ఎందుకైంది?"

"నేను రోజులు తప్పు లెక్కపెట్టానండీ."

"మరి ఆ మాటే రాస్తే ఏమయ్యేది?"

ఏమయ్యేదో నాకు తెలుసు. లాయరు పొరపాటుకి కక్షిదారుణ్ణి శిక్షించకూడదన్న తీర్పు కూడా నా ఫోన్లో ఉంది. అర్ధరూపాయంత అబద్ధం లేకుండా అది వాడుకోవచ్చు. కానీ దాన్ని వాడాలంటే పొరపాటు నాది అని కింద నేను సంతకం పెట్టాలి. "మన్నించేవారండీ" అన్నాను. ఆవిడ తలూపి, చెక్కలు లెక్క చూసుకోవడానికి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. ఆ సాయంత్రమే పెద్దాయనకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. మర్నాటి నుంచి వరండాలో నన్ను పేరు పెట్టే పిలిచారు.

ఇప్పుడు నాకు సొంత ఆఫీసుంది. అందులో ఎవరికీ కామెర్లు రావు, టైఫాయిడ్ రాదు. నాలుగైదు పిటిషన్లలో 'తప్పు నాదే' అని నేనే ప్రమాణపత్రం ఇచ్చాను. జడ్జీలు కళ్ళజోడు పైనుంచి ఒకసారి చూసి మన్నించేశారు, అంతే. అంత చిన్న పని.

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర చేనేత ఎగ్జిబిషన్ పెడితే మా ఆవిడతో వెళ్ళాను. జనానికి చూపించడానికి ఒక మగ్గం బిగించారు. నేల మీద చెక్కల మగ్గం, దాని ముందు ఎత్తు బల్ల మీద పిన్నిగారు. నేనే ముందు చూసి పక్కకి తప్పుకోబోయాను. (కోటు లేకుండా గుర్తుపట్టరులే అనుకున్నాను.) "లాయరు బాబూ!" అన్న కేక వినబడింది. దగ్గరికెళితే, పక్కన నూలు కండెలు చుడుతున్న ఆవిడకి నన్ను చూపించి, "ఈయనే, నాకు కామెర్లు తెప్పించిన లాయరు గారు" అని పరిచయం చేశారు. ఇద్దరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చేస్తాను, జోకు బావుంది, పైగా రాసింది నేనే.

"ఎలా ఉన్నారు పిన్నిగారూ?" అన్నాను.

"బానే ఉన్నాను బాబూ. కూలికి నేస్తున్నాను. ఈ బల్ల మీదే ఇంకా కుదురుకోవట్లేదు" అని, మాట్లాడుతూనే కింద లేని గుంట కోసం కాళ్ళతో తడుముకున్నారు.