అటక మీద అడ్మిషన్ రిజిస్టర్లు

చోడవరంలో మాడుగుల రోడ్డు మీద ఎరువుల బస్తాలు దింపుతున్న ఆ పొడవాటి పెంకుటింటిని చూపించి, ఇందులో ఒకప్పుడు నూట నలభై మంది ఆడపిల్లలు చదివారంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే నరసమ్మకి ఒళ్లు మండుతుంది. ఇరవయ్యారేళ్లు వాళ్లందరికీ వండి పెట్టింది తనే మరి. ఇప్పుడు అదే గోడౌనుకి కాపలా ఉంటూ, వెనకనున్న పాత వంటింట్లో ఒక్కర్తీ కాలక్షేపం చేస్తోంది.

ఆడపిల్లలు ఉండి చదువుకునే ఆ బోర్డింగు బడి పెట్టింది సత్యారావుగారనే మిల్లు ఆసామి. చీడికాడ, రోలుగుంట వైపు ఊళ్లలో ఆడపిల్లకి సరైన బడి లేని రోజులవి. కన్నవాళ్లు చేతనైనన్ని బియ్యం తెచ్చి పోస్తే చాలు, పిల్లని ఉంచుకుని చదువు చెప్పేవారు. తరవాత ఊరూరా బడులొచ్చాయి, సర్కారు హాస్టళ్లొచ్చాయి, బస్సులొచ్చాయి. మంచిదే గానీ, బోర్డింగు పలచబడిపోయింది. ఆఖరి ఏడాది పందొమ్మిది మందే మిగిలారు. సత్యారావుగారు పోయాక కొడుకులు తలుపులు మూసేశారు.

ఆ రోజు హెడ్మిస్ట్రెస్ మంగాయమ్మగారు రిజిస్టర్లన్నీ పాత దుప్పట్లో మూటగట్టి నరసమ్మ చేతిలో పెట్టింది. విద్యాశాఖ ఆఫీసువాళ్లొచ్చి పట్టుకెళ్తారు, అందాకా జాగ్రత్త అంది. ఆఫీసువాళ్లు రాలేదు. ఎందుకొస్తారు? ఎక్కడెక్కడి కూలివాళ్ల కూతుళ్ల పేర్లో ఉన్న పాత పుస్తకాలు వాళ్లకెందుకు? నాలుగేళ్లు తిరక్కుండా మంగాయమ్మగారూ కాలం చేసింది.

నరసమ్మకి చదువు రాదు గానీ, వస్తువు దాచడం ఆమెకి ఒకరు నేర్పక్కర్లేదు. మూటని తిన్నగా పొయ్యి మీదున్న అటకెక్కించింది. విత్తనాలైనా, వెదురు బుట్టలైనా, పొయ్యి పొగ తగిలేచోట పెడితే చెద పట్టదు. వాళ్లమ్మ అలాగే దాచేది, అమ్మమ్మా అలాగే దాచేది.

పోయిన మంగళవారం రోజా వచ్చింది. చీడికాడ పిల్ల. పిల్లంటే ఇప్పుడు ముప్ఫయ్యారేళ్లది. మొగుడు పోయాడు, ఇద్దరు పిల్లలు, చెరుకు కొట్టే కూలి. ఊళ్లో అంగన్‌వాడీ ఆయా పోస్టు పడింది. ఏడో తరగతి పాసైనట్టు కాగితం చూపించాలి. అప్పట్లో ఈ బోర్డింగులో ఏడు పాసవగానే, తల్లికి జబ్బు చేసిందని తండ్రి వచ్చి తీసుకుపోయాడు. టీసీ అడగాలన్న సంగతి ఎవరికీ తోచలేదు. శుక్రవారం ఆఖరు తేదీ.

"ఆయమ్మా, నా పేరున్న పుస్తకం నీ కాడుందా?"

"ఉండకేటి? పేణంలా దాసేను. నువ్వలా కూసో," అని నరసమ్మ దర్జాగా స్టూలెక్కింది.

మూట దించుతుంటేనే తేలిగ్గా అనిపించింది. విప్పితే ఎర్రమట్టి జలజలా రాలింది. తొమ్మిది పుస్తకాలకీ అట్టలే మిగిలాయి. లోపలి కాగితాలన్నీ చెద తినేసింది. ఒక్క పేరైనా దొరుకుతుందేమోనని రోజా ఆ మట్టిలో వేళ్లు పెట్టి కెలికింది. గోరంత ముక్క దొరికింది. దాని మీద రూళ్ల గీత తప్ప ఏమీ లేదు.

నరసమ్మకి కాసేపు బుర్ర పనిచెయ్యలేదు. పొయ్యి మీద పెట్టినదానికి చెదేమిటి? తల తిప్పి చూస్తే, పొయ్యి గట్టు మీద గ్యాసు స్టవ్వు. ఏడేళ్ల కిందట గ్యాసొచ్చిన రోజున వీధంతా మిఠాయి పంచింది. కళ్లు మండవు, కట్టెలు మొయ్యక్కర్లేదు అని మురిసిపోయింది. కట్టెలతోపాటు పొగా పోయిందన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు.

"నానే తినిపించేసేనే మీ అందర్నీ," అంది, మట్టి వైపే చూస్తూ.

"పోనీలే ఆయమ్మా," అంది రోజా. ఆ పిల్ల నాలుగు తిట్లు తిట్టినా నరసమ్మకి కొంత నయంగా ఉండేది.

మర్నాడు ఇద్దరూ మండల విద్యాశాఖ ఆఫీసుకి వెళ్లారు. అక్కడి గుమస్తా హరిబాబు మంచివాడే. నరసమ్మకి కుర్చీ వేయించాడు.

"ఈ గుంట మూడో తరగతిలో వచ్చింది బాబూ. తలనిండా కురుపులు, నానే ఏపాకు నూరి రాసేను. ఏడో తరగతి పరీచ్చలప్పుడు జొరం. గంజి తాగించి పంపించేను. పాసయ్యింది. నా కళ్లతో సూసేను."

"అబద్ధమనడం లేదు మామ్మగారూ. నోటిమాట రాసుకోడానికి మాకు లేదు. పోనీ, మీరక్కడ పనిచేసినట్టు కాగితమేదైనా ఉందా?"

రోజూ నరసమ్మ వేలిముద్ర వేసిన హాజరు పుస్తకమూ ఆ మూటలోదే. కాగితం లేకపోతే రోజా చదవనట్టే, తనూ వండనట్టే. హరిబాబు దరఖాస్తు తిరిగిచ్చేశాడు. పాపం, కాస్త మొహమాటపడుతూనే ఇచ్చాడు.

బస్టాండులో చీడికాడ బస్సు సిద్ధంగా ఉంది. రోజా ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. కింద నిలబడ్డ నరసమ్మ వైపు వంగి అడిగింది.

"ఆయమ్మా, నాను సదివేనా, లేదా?"

"సదివేవమ్మా."

"పాసయ్యేనా?"

"అయ్యేవు."

"నీకు తెలుసు, నాకు తెలుసు. ఇంకెవలికి తెలియాలి ఆయమ్మా?"

ఆ తెలియాల్సినవాళ్లెవరో నరసమ్మకీ తెలీదు. కండక్టరు ఈల వేశాడు. కిటికీ ఊచ మీదున్న రోజా చేతిని వదలబుద్ధి కాక, బస్సుతోపాటు నాలుగడుగులు నడిచి, ఇక నడవలేక వదిలేసింది.